అమ్మమ్మ వదలని బిళ్ళ

సందు చివరి ఇంటికి చెడ్డపేరు ఒకటే — అక్కడ పడింది ఏదీ తిరిగి చేతికి రాదు. గోడ దాటిన బంతి రాదు, గాలికి ఎగిరిన తువ్వాలూ రాదు. ఇంటి ముసలమ్మ పోయి ఏడాదైంది. బతికుండగానే ఆవిడది ఉడుంపట్టు, పోయాక మాత్రం వదులుతుందా అని అందరి అనుమానం. రాత్రిళ్ళు కుట్టుమిషన్ చప్పుడు కూడా వినిపిస్తుందట... ఆగి చూసినవాళ్ళు లేరు కాబట్టి కాదనడానికీ లేదు.

ఇక్కడి నుంచి ఆవిడ మనవరాలు చెప్పగా విన్నదే. ఆమె కంప్యూటర్లు బాగుచేస్తుంది. దెయ్యాలంటే నవ్వే మనిషి — ఆ రాత్రి దాకా.

అమ్మమ్మ బట్టలు కుట్టేది. నలభై ఏళ్ళ కిందట ఓ పరదేశి చిరిగిన కోటు కుట్టించుకుని, కూలికి బదులు ఓ బిళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఒకవైపు కొంగ, రెండోవైపు ఎవరికీ చదవరాని అక్షరాలు. "వెండిది" అనేది అమ్మమ్మ. "తగరం, నిన్ను ముంచేశాడు" అని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. పరీక్ష చేయిద్దామంటే, "నా మాట చాలదా?" అని మొండికేసేది. అందరికంటే ఎక్కువ నవ్వింది కన్నకొడుకే.

ఆ కొడుకు, అంటే మనవరాలి మేనమామ, ఇల్లు అమ్మేశాడు. తెల్లారితే పాత సామాను బండి వస్తుంది. "ఆ తగరం ముక్క కూడా అందులోకే" అన్నాడు. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అమ్మమ్మ మాట చెత్తబండి ఎక్కడం ఆమెకు ఇష్టం లేదు.

షాపు మూసేసరికి బాగా పొద్దుపోయింది. ఆ ఇంట్లో కరెంటు తీసేశారు. ఫోను వెలుగులో కుట్టుమిషన్ సొరుగు లాగింది... గుండీల మధ్య బిళ్ళ దొరికింది.

జేబులో పాత హార్డ్ డిస్కు నుంచి పీకిన అయస్కాంతం ఉంది. బిళ్ళను ఏటవాలుగా పట్టుకుని దాన్ని పైన పెట్టింది. అంటుకుంటే వెండి కాదు, మామయ్య గెలిచినట్టే. జారిపడితే ఇంకా ఆశ ఉన్నట్టు.

అంటుకోలేదు. పడనూలేదు.

మెల్లగా... మెల్లగా... ఎవరో రెండు వేళ్ళతో పట్టి దించుతున్నట్టు జారింది. సగం దాకా వచ్చి — ఆగిపోయింది.

ఆమె బిళ్ళను కొంచెం ఊపింది.

"అమ్మమ్మా... వదులు."

కదల్లేదు.

"సరే... నువ్వు మోసపోలేదు."

కదిలింది.

బిళ్ళ, అయస్కాంతం గుప్పిట్లో పెట్టుకుని ఒక్క పరుగు తీసింది. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. అదీ తిరిగి రాలేదు.

పొద్దున్నే మేనమామను లాక్కుని వెండికొట్టు తాత దగ్గరికి వెళ్ళింది. తాత బిళ్ళ అంచును గీటురాయి మీద గీసి, సీసాలోంచి ఓ చుక్క మందు వేశాడు. గీత ఎర్రబడింది.

"మంచి వెండి" అన్నాడు.

మేనమామకు నలభై ఏళ్ళ నవ్వు గొంతులో అడ్డం పడినట్టుంది.

ఆమె రాత్రి సంగతి చెప్పింది. తాత పకపకా నవ్వాడు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదమ్మాయ్. వెండికి అయస్కాంతం అంటదు. కానీ దాని మీద జారేటప్పుడు నెమ్మదిస్తుంది, అది వెండి గుణం." అయస్కాంతాన్ని ముందు ఏటవాలుగా పట్టిన గీటురాయి మీద పెట్టి చూపించాడు — టక్కున పడింది. బిళ్ళ మీద పెట్టాడు. షికారుకు బయల్దేరినట్టు తీరిగ్గా దిగింది.

ఆమె ప్రాణం కుదుటపడింది. "మరి మధ్యలో ఎందుకు ఆగింది తాతా?"

తాత నవ్వు తగ్గింది. "ఆగడం ఉండదమ్మా. నెమ్మదిస్తుంది... అంతే."

"కంగారులో అలా అనిపించి ఉంటుంది" అన్నాడు మేనమామ, పోయిన పరువు కాస్త కూడదీసుకుని. బిళ్ళ అందుకుని ఏటవాలుగా పట్టాడు. "అయినా మా అమ్మకి వెండేదో తగరమేదో తెలుసా ఏమిటి? ఏదో గుడ్డిగా కలిసొచ్చింది." అయస్కాంతం పెట్టాడు.

మెల్లగా జారింది. సగం దాకా వచ్చి — ఆగింది.

తాత పీట వెనక్కి జరిపాడు.

మేనమామ బిళ్ళను ఇంకా వంచాడు, నిలువుగా పట్టాడు, ఊపాడు... ఊహూఁ. చివరికి కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా గొణిగాడు.

"తప్పైపోయిందమ్మా. నీకు తెలుసు."

అయస్కాంతం తీరిగ్గా కిందికి దిగింది.