రెండు వాక్యాల ఆర్డర్

"సుహాసిని మన మనిషని వాళ్లకు తెలిసిపోయింది." ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పొడిగా వినిపించింది. "నాలుగింటికి కృష్ణా నది మీది డ్యామ్ పేలుతుంది. ఆర్డర్ వెళ్లిపోయింది. బాంబు పెట్టినవాడు ఎవడో తెలియదు."

బోరు మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ కురుమూర్తి గద్వాల సందులో బైక్ ఆపాడు.

ఆ విదేశీ ముఠా ఆర్డర్లన్నీ ఒక స్పానిష్ వెబ్ పత్రికలో చిట్టి కథలుగా వచ్చేవి. ఒక్కోటి రెండు వాక్యాలే. రాసేది వనపర్తిలో పుట్టి మాడ్రిడ్‌లో చదివిన సుహాసిని. అక్కడి పార్టీల్లో ఆమె నవ్వితే రాయబారులు రహస్యాలు కక్కేవారు. రెండేళ్లుగా ఆమె డబుల్ ఏజెంట్. ఆమెలా రాయడం ఎవరికీ చేతకాలేదు. ఒకసారి మన ఆఫీసు ఆమె పేరుతో ఒక నకిలీ కథ పెట్టి చూసింది. నాలుగు మాటలు ఎక్కువయ్యాయి. ముఠా పసిగట్టి మనవాణ్ని ఒకణ్ని చంపేసింది.

కురుమూర్తి తలుపు తట్టాడు. "బోరు ఎండిందా అమ్మా?"

"ఇంకా తడి ఉంది."

కోడ్ సరిపోయింది. గొంతే సరిగా లేదు.

సుహాసిని గోడకు ఆనుకుని కూర్చుంది. కడుపులో తూటా. పట్టుచీర కుచ్చిళ్లు నెత్తుటితో తడిసి ఉన్నాయి.

"ముఠావాడొకడు తలకు తుపాకి పెట్టి, డ్యామ్ పేల్చే ఆర్డర్ నాతోనే రాయించిండు. తర్వాత కాల్చిండు. సచ్చిందనుకొని పోయిండు. జర ల్యాప్‌టాప్ ఇయ్యి."

"ముందు దవాఖానకు పోదాం."

"గట్ల పోతే డ్యామ్ పోతది. కింద ఎన్ని ఊర్లున్నయో నీకు తెల్వదా?"

అతనికి తెలుసు. ల్యాప్‌టాప్ ఆమె ఒళ్లో పెట్టి, తువ్వాలుతో గాయాన్ని అదిమి పట్టాడు.

ఆమె టైప్ చేసింది. కొట్టేసింది. మళ్లీ టైప్ చేసింది.

"టైం లేదు సుహాసినీ!"

"గందుకే చిన్నగ రాస్తున్న."

ఇంకో మాట తీసేసి బటన్ నొక్కింది. నాలుగు కావడానికి నిమిషం ముందు కథ పత్రికలో వెలిసింది.

'ఆమె పిలిచింది. నది వెనక్కి తిరిగింది.'

పేల్చొద్దు, బాంబు వెనక్కి తెమ్మని ఆర్డర్.

డ్యామ్ మీద గేట్లు చూడవచ్చిన జనంలో ఒకడు ఫోన్ చూసుకున్నాడు. రిమోట్ జేబులో పెట్టుకుని, బాంబు తీయడానికి గేటు కిందికి దిగాడు. జనంలో కాపు కాసిన కమాండోలు అక్కడే పట్టుకున్నారు.

"డ్యామ్ సేఫ్," అన్నాడు చీఫ్. "ఆమెకెలా ఉంది?"

కురుమూర్తి తువ్వాలు మీంచి చెయ్యి తీశాడు. ఇక అదిమి ప్రయోజనం లేదు. రేపు ఆమెను అనాథ శవమని రాసుకుంటారు. ఆ కథ ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఎవరికీ చెప్పకూడదు.

ల్యాప్‌టాప్ టింగుమంది. ఇదేమీ ఎరుగని పత్రిక ఎడిటర్ నుంచి మెయిల్. మిషన్ కోసం నేర్చుకున్న స్పానిష్‌ను కూడబలుక్కుని చదివాడు.

"కథ అద్భుతం. ఇంకాస్త పొడిగించగలరా?"