పుర్రచేతి చీపురు

అన్యాయం జరిగింది మా పుర్రచెయ్యక్కకి. ఎడంచేత్తో ఊడ్చేది, అందుకే ఆ పేరు. తొమ్మిదేళ్ల కిందట, నగర వసంతోత్సవం చివరి రాత్రి. శకటాలన్నీ ఊరేగి వెళ్లాక రైలు వంతెన కింది దారిలో రంగు కాగితాలు ఊడుస్తుంటే, ఒక శకటం వెనక్కొచ్చి ఆమె మీదికెక్కింది. మా సూపర్‌వైజరు రిజిస్టరులో ఏం రాశాడో తెలుసా? "మృతురాలు విధుల్లో లేదు." ఆ కిందే ఇంకో ముక్క — "ఉత్సవం ఏ లోటూ లేకుండా ముగిసింది."

ఒంటిమీద యూనిఫాం, చేతిలో చీపురు. అర్ధరాత్రి షికారుకొచ్చిందన్న మాట.

అప్పట్నుంచీ ఆ చోటుకి చెడ్డపేరు. ఏటా ఉత్సవం చివరి రాత్రి ఆ చీకట్లో చీపురు చప్పుడు వినిపిస్తుందట... సర్ర్... సర్ర్... తాగినవాడు కూడా చుట్టు తిరిగి ఇంటికి పోతాడు.

ఈ ఏడు ఊడ్చేవాళ్లం పద్దెనిమిది మందిమీ ఆ దారిలో అడుగు పెట్టం అన్నాం. తెల్లారితే పెద్దసారు తనిఖీ. సూపర్‌వైజరు బతిమాలాడు, బెదిరించాడు, దెయ్యం లేదు గియ్యం లేదన్నాడు.

"నిజమే సారూ," అన్నాను. "డ్యూటీలో లేని మనిషి అక్కడెందుకు ఊడుస్తుంది?"

అతని మొహం మాడిపోయింది. టార్చి లాక్కుని తనే బయల్దేరాడు.

తర్వాతిది అతను ప్యూను చెవిన వేస్తే, ప్యూను మా అందరి చెవినా వేశాడు.

లోపల లైటు లేదు. పైన రైలు వెళ్లిన అదురు ఇంకా గోడల్లోనే ఉంది. పది అడుగులు వేశాడో లేదో... సర్ర్.

ఆగాడు. అదీ ఆగింది.

నడిచాడు. సర్ర్... సర్ర్...

టార్చి నేలకి దించాడు. దుమ్ములో చీపురు గీతలు, అప్పుడే పడ్డవి. కుడిచేత్తో ఊడిస్తే గీత ఒకవైపు వంగుతుంది. ఇవి రెండోవైపు వంగున్నాయి. ముప్పయ్యేళ్లు మా చేత ఊడ్పించిన మనిషికి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎ... ఎవరది?"

స్తంభం వెనక నుంచి, చెవిలో ఊదినంత మెల్లగా —

"డ్యూటీలో ఉన్నాను సారూ."

టార్చి ఒకచోట, చెప్పు ఒకచోట, సారు ఆఫీసులో.

ఇక దాచడమెందుకు, ఆ గొంతు నాది. అతను రోడ్డంతా చుట్టి వచ్చేలోపు వంతెన అవతలి మెట్లు దిగి స్తంభం వెనక నిలబడ్డాను. ఎడంచేత్తో ఊడవడానికి ఆరు నెలలు ఇంటి వెనక భుజం పడిపోయేలా సాధన చేశాను. చప్పుడు పుకారు కూడా మా ఆడవాళ్లం పుట్టించిందే. తొమ్మిదేళ్లు అర్జీలు పెట్టాం, ఒక్కడూ విప్పి చూడలేదు. కాళ్లు పట్టుకోవడం నాకు చేతకాదు.

అతను పరిగెత్తాక కడుపారా నవ్వుకుని చీపురు గోడకానించాను.

చప్పుడు ఆగలేదు.

దారి అవతలి కొస నుంచి... సర్ర్... సర్ర్...

ఒళ్లు జలదరించింది, కాదనను. కానీ నేనెందుకు పారిపోవాలి? అబద్ధం రాసింది నేను కాదు.

"కానియ్యక్కా," అన్నాను చీకట్లోకి. "ఆ సగం నీది, ఈ సగం నాది."

మళ్లీ చీపురందుకున్నాను.

పొద్దున ఆ తొమ్మిదేళ్ల కిందటి రిజిస్టరు నేనే తెరిచాను. విధుల్లో లేదన్న ముక్క కొట్టేసి ఉంది. పక్కన వణుకుడు రాత, కింద సూపర్‌వైజరు సంతకం —

"విధి నిర్వహణలో ఉండగా మరణించింది. ఏప్రిల్ పన్నెండు, రాత్రి రెండు గంటల పది నిమిషాలు."