ఫ్రీజర్‌లో ఇరవై అయిదు చుట్టలు

శుక్రవారం. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. హవానా.

ఒబ్దూలియా ఫ్రీజర్ తలుపు తీసి చెయ్యి లోపలికి పెట్టింది. అడుగు దాకా తడిమింది.

మూట లేదు.

ఇరవై అయిదు చుట్టలు. ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసిన ఆమె, ఆఖరి రోజున తన చేత్తో చుట్టినవి. దేవదారు పెట్టెలో పెట్టి పదకొండేళ్ళుగా కాపాడుకొస్తోంది. సోమవారం వాటిలో ఒకదానికి సూది మొనంత రంధ్రం కనిపించింది. పొగాకు పురుగు. అది చావాలని వెంటనే అన్నిటినీ గాలి చొరని సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టింది.

ఎనిమిది నలభై అయిదుకు మూట దొరికింది. ఆమె మేనల్లుడు రేనియెర్ మంచం కింద.

కేసు చూడడానికి వచ్చిన పోలీసు లెఫ్టినెంట్ ఒడాలిస్ వాచీ చూసుకుంది. పదకొండింటికి ఫ్యాక్టరీలో ఓటింగ్. పనివాళ్ళకు రోజూ పేపర్లు, నవలలు పైకి చదివి వినిపించే మనిషిని పనివాళ్ళే ఎన్నుకుంటారు. రేనియెర్ పోటీలో ఉన్నాడు. దొంగతనం కేసు రాస్తే అతని పేరు లిస్టులోంచి కొట్టేస్తారు.

సంతకం పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. కానీ ఆమె పెన్ను మూత తీయలేదు.

"నువ్వు తీశావా?"

"లేదు మేడమ్."

"మరి నీ మంచం కిందకి నడిచొచ్చాయా?"

"నాకేం తెలుసు? నిన్న రాత్రి పదింటికి మాతాన్సాస్ నుంచి వచ్చి పడుకున్నాను. సోమవారం నుంచీ అమ్మ దగ్గరే ఉన్నాను. పొద్దున ఆరింటికి లేచి రొట్టెల క్యూకి పోయాను. ఎనిమిదింటికి వచ్చాను."

"గదికి తాళం?"

"ఈ ఇంట్లో తాళాలెవరు వేస్తారు మేడమ్?"

సాక్షి గుమెర్సిందో ఎదురు గది మనిషి. అరవై రెండేళ్ళు. ముప్పై నాలుగేళ్ళుగా చుట్టలు చుడుతున్నాడు. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

"ఏం చూశారు?"

"ఆరున్నరకి కుర్రాడు వంటింట్లోంచి మూట పట్టుకుని బయటికొచ్చాడు. గదిలో పెట్టి వెళ్ళిపోయాడు."

"క్యూ వదిలేసి వచ్చాడా?"

"వాడికి సందు దారి తెలీదా ఏంటి?"

"అదే మూట అని ఎలా అనుకున్నారు?"

"పైన మంచు పట్టి తెల్లగా ఉంది. పొగలొస్తున్నాయి. ఈ ఎండల్లో ఇంకేం పొగలొస్తాయి?"

ఒడాలిస్ రాసుకుంది. ఆరున్నర. మంచు.

"మీరు కూడా పోటీలో ఉన్నారట?"

"ఉన్నాను. తప్పా? ఈ వేళ్ళతో ఇంక ఆకు కోసే కత్తి పట్టలేను. గొంతు మాత్రం బాగానే ఉంది."

ఆమె మూట విప్పింది. ఒక్కో చుట్టనూ వెలుతురుకు ఎత్తి చూసింది. ఇరవై అయిదూ చూసింది. ఒకదానికి ఉన్న పురుగు రంధ్రం తప్ప, గోధుమరంగు పైఆకు నునుపుగా, గీత లేకుండా మెరుస్తోంది.

ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియడం లేదు. వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు నడిచింది.

వంటింట్లోకి వెళ్ళింది. అది ఇంట్లో అందరూ తిరిగే వంటిల్లు. ఒబ్దూలియా అక్కడే ఉంది.

"అమ్మా, ఈ మూటను ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"పెట్టినప్పుడే. సోమవారం. మళ్ళీ ఫ్రీజర్ తీస్తే ఒట్టు. రోజుకి పది గంటలు కరెంటు పోతోంది, తలుపు తీస్తే ఉన్న చల్లదనం కూడా పోదూ?"

"ఈ రోజు తీసి పెట్టెలో పెట్టేద్దామనుకున్నారా?"

ఒబ్దూలియా ఆమెను జాలిగా చూసింది. "నువ్వు చుట్టలు కాల్చవు కదూ తల్లీ. ఫ్రీజర్‌లోంచి తిన్నగా వేడిలోకి తెస్తే పైఆకు పటపటా పగిలిపోతుంది. ముందు ఫ్రిజ్ కింది అరలో ఒక రోజంతా ఉంచాలి. ఆ తర్వాతే పెట్టెలోకి."

ఒడాలిస్ ఫ్రీజర్ వైపు తిరిగింది.

"ఫ్రీజర్‌లో వేరే చుట్టలున్నాయా?"

"రోజూ కాల్చుకునేవి. ఓ అయిదు."

తొమ్మిది అయిదుకు వాటిలో మూడు తీసింది. రేనియెర్ మంచం కింద, మూట దొరికిన చోటే పెట్టింది. గడియారం చూస్తూ గుమ్మంలో నిలబడింది. ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు.

పది గంటలకు అందర్నీ వసారాలోకి పిలిచింది. మూడు చుట్టలనూ బల్ల మీద పెట్టింది. మూడింటికీ పైఆకు నిలువునా చీలింది. ఒకదానికైతే రెండు చోట్ల.

"ఇవి గంట క్రితం ఫ్రీజర్‌లోవి," అంది. పక్కనే ఇరవై అయిదూ పేర్చింది. "ఇవి ఆరున్నరకు మంచుతో బయటికొచ్చాయని సాక్ష్యం. రెండు గంటల పైగా అదే మంచం కింద ఉన్నాయి. ఒక్కదానికైనా చీలిక చూపించండి."

ఆమె అందరి వైపూ చూసింది.

"అంటే ఇవి ఈ రోజు ఫ్రీజర్‌లోంచి రాలేదు. నిన్న తెల్లారేలోపే ఎవరో తీశారు. ఫ్రిజ్‌లో ఒక రోజంతా ఉంచారు. అప్పుడు రేనియెర్ మాతాన్సాస్‌లో ఉన్నాడు. ఇతను రొట్టెలకు వెళ్ళాక తెచ్చి ఇక్కడ పెట్టారు." ఆమె తిరిగింది. "మీరు చూశానన్న మంచు ఎక్కడిది గుమెర్సిందో? మీ గదిలో ఫ్రిజ్ ఉంది కదా?"

గుమెర్సిందో బల్ల వైపు చూశాడు. ఆమె వైపు చూడలేదు.

"బుధవారం తీశాను," అన్నాడు చివరికి.

"అవి పగిలిపోతే నీకేం పోయేది?" ఒబ్దూలియా అడిగింది. "తిన్నగా తెచ్చి పడేస్తే దొరికేవాడివి కాదుగా?"

"నీ చేతి చుట్టలక్కా. పగలనిస్తానా?"

"వాడి బతుకు పగలనిచ్చావుగా?"



ఒడాలిస్ స్టేట్‌మెంట్ రాసింది. గుమెర్సిందో సంతకం పెట్టాడు. పది ఇరవై.

"ఫ్యాక్టరీలో ఈపాటికే పాకిపోయి ఉంటుంది, రేనియెర్ దొంగ అని," అన్నాడు గుమెర్సిందో. "పొద్దున వాడు వచ్చేశాక క్యూలో చెప్పింది నేనే. మీరొచ్చి కాదని చెప్పినా సగం మంది నమ్మరు. ఆ కాగితం నాకివ్వండి. నేను చదువుతాను."

ఒడాలిస్ రేనియెర్ వైపు చూసింది. అతను తలూపాడు.

పది యాభై అయిదుకు గుమెర్సిందో హాల్లో చదివేవాళ్ళ కుర్చీ ఎక్కాడు. రెండు వందల మంది కత్తులు ఆపారు. తన పేరుతో మొదలుపెట్టి, తారీఖులు, గంటలు, ఒక్క మాట మింగకుండా ఆఖరు వరుస దాకా వినిపించేలా చదివాడు. మంచి గొంతు.

మెచ్చుకోలుగా కత్తిని బల్ల మీద తట్టడం అక్కడి అలవాటు. ఒక్క కత్తీ మోగలేదు.

అతను కాగితం మడిచి ఒడాలిస్ చేతికిచ్చి, కుర్చీ దిగాడు. తన వంతు చదవడానికి రేనియెర్ ఎక్కాడు.