అక్క ఆగే చోటు

హాల్లో హిమజ చెల్లెలికి కథ చదివి వినిపిస్తోంది. వంటింట్లో అదే హిమజ పెదవి కొరుక్కుంటూ దోసెలు పోస్తోంది.

హాల్లో చదువుతున్నది స్వరపలక. పెద్దపిల్లల గొంతు ఒక్కసారి పట్టిస్తే చాలు, అచ్చం అదే గొంతుతో చిన్నపిల్లలకు రోజంతా చదివిపెడుతుంది. కాకినాడలో ఇప్పుడు ఏ అక్కకూ ఏ అన్నకూ ఆ పని లేదు. పైగా హిమజ గొంతులోని నత్తిని కూడా పలక తీసేసింది. తీయించింది అమ్మ ఇందుమతే.

"నువ్వు చదవకమ్మా, చిన్నదానిక్కూడా అంటుకుంటది" అంది మెత్తగానే. మెత్తగా అన్నా గుచ్చుకుంది.

అయినా హిమజ చదివింది. రోజూ అమ్మ డ్యూటీకి వెళ్ళగానే చెల్లెలు లాస్య కాగితం పుస్తకం పట్టుకొచ్చి ఒళ్ళో కూర్చుంటే కాదనలేకపోయింది. ఇవాళ లాస్యకి బడిలో చదువు పరీక్ష. నిజంగా నత్తి అంటుకుని ఉంటే? ఆలోచిస్తూ ఉండగానే దోసె మాడిపోయింది.

బడిలో పరీక్ష పెట్టేది 'శ్రవణి' అనే యంత్రం. ఎవరూ ఎప్పుడూ వినని కొత్త పేజీ ఇచ్చి చదవమంటుంది. లాస్య కంటే ముందు వెళ్ళిన పిల్లలు ఆ పేజీ వైపు చూస్తూ, పలక చెప్పిన పాత కథలే గడగడా అప్పజెప్పారు. ఒకడైతే పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. తల్లులు బిత్తరపోయారు.

లాస్య వంతు వచ్చింది. బెంచీ మీద అమ్మ పక్కన కూర్చున్న హిమజ ముందుకు వంగింది.

లాస్య అక్షరం కింద వేలు పెట్టింది. "వా... వా... వాకిట్లో... పి... పిల్లి... త... తడిసింది."



"చదవడం వచ్చింది. నత్తి ఉంది" అంది శ్రవణి. "ఇంట్లో నత్తి ఉన్నవారు ఈ పాపకు చదివి వినిపించరాదు."

ఇందుమతి గిరుక్కున తిరిగింది. "చదివావా?"

"చ... చదివానమ్మా."

ఇందుమతి లాస్య ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "పొద్దున్న ఏం తిన్నావే?"

"రెండు దోసెలు. ఒకటి మాడిపోయింది, అక్క చూసుకోలేదు." ఎక్కడా తడబాటు లేదు.

"మరి చదివేటప్పుడు అలాగెందుకే?"

"అక్క ఆగుద్ది కదా, అప్పుడు నేను అక్షరం చూసుకుంటా. పలకైతే ఆగదమ్మా, వెళ్ళిపోద్ది."

శ్రవణి తన హెచ్చరికను మళ్ళీ వినిపించింది. ఇందుమతి అటు చూడలేదు. ఆమె కళ్ళు నిండాయి.

పుస్తకం తలకిందులుగా పట్టుకున్న పిల్లాడి తల్లి మొహమాటపడుతూ దగ్గరికొచ్చింది. "అమ్మాయ్, మావాడిక్కూడా ఒక్క పేజీ చదివి పెడతావా?"

హిమజ భయంగా అమ్మ వైపు చూసింది. ఇందుమతి లేచి హిమజ పక్కన కూర్చుని, బెంచీ మీద పక్కకు జరిగి పిల్లాడికి చోటిచ్చింది.

హిమజ పుస్తకం తెరిచింది. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసింది. ఎప్పటిలాగే ఎవరో ఒకరు ఆ మాటను తన తరఫున పూర్తి చేసేస్తారని బెదురుతూ ఎదురుచూసింది. ఎవరూ పూర్తి చేయలేదు. పిల్లాడు ఆ అక్షరం మీద వేలు పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.