బాబాయి గారి సీటు

"ఆ సీటుకి మనిషి ఉన్నారండీ."

ఆమె ఇంకా కూర్చోనే లేదు. గొడుగు ముడుస్తూ, సీటు వెనక నంబరునూ ఏడాదంతా అదే సీటు ఇచ్చే చేతిలోని స్టేడియం సీజన్ కార్డునూ మరోసారి సరిచూసుకుంది. తప్పేమీ లేదు. కానీ సీటు మీద ఒక రెయిన్‌కోటు పరిచి ఉంది. దాని యజమాని పక్క సీట్లో, లిఫ్టు మెకానిక్ యూనిఫాంలో, వానకు తడుస్తూ కూర్చున్నాడు.

"ఎవరు?"

"మా బాబాయి గారు. ఇవాళ మన ఫుట్‌బాల్ జట్టు ఓడితే కింది డివిజన్‌కి పోతాం కదా, తప్పకుండా వస్తారు."

"సొంత బాబాయా?"

"కాదు, స్టేడియం బాబాయి. పేరు కూడా తెలీదు. గోల్‌కీపర్‌ని తిట్టడంలో నాకు గురువు."

మామూలు రోజైతే ఆమెకు నవ్వొచ్చేది.

ఇంట్లో ఆ కార్డు కంటబడితే చాలు, అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతోంది. స్టేడియం ఆఫీసులో ఇచ్చేసి రమ్మంది. ఇచ్చేలోపు నాన్న కూర్చున్న చోట ఒక్కసారి కూర్చుందామని ఆమె వచ్చింది.

"వేరేచోట చూసుకోండి, బోలెడు ఖాళీ. ఓడే జట్టుకి చుట్టాలు కూడా రారు."

"ఎప్పట్నుంచి ఆపుతున్నారు?"

"చలికాలం నుంచి." అతను తల దించుకున్నాడు. "ఓ రోజు నోరు జారానండీ. ఈ ఊరి జట్టుకి గెలిచే రాత లేదు, చూసే మనకి బుద్ధి లేదు అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. కాళ్ళు పట్టుకుందామన్నా ఇల్లెక్కడో తెలీదు."

ఆమె కార్డు చూపించింది. అతను దాని మీది ఫొటోనూ, ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

"కూతురా! అయితే మీరే చెప్పండి, ఇంకా కోపంగానే ఉన్నారా?"

బేకరీలో పనిచేస్తూ కేకుల మీద ఎవరి పేరైనా తడుముకోకుండా రాసే ఆమె, ఈ ఒక్క మాటకి తడబడింది.

"కోపం లేదండీ. నాన్నే లేరు. చలికాలంలోనే పోయారు."

చుట్టూ జనం ఉసూరుమన్నారు. అవతలి జట్టు గోల్ కొట్టినట్టుంది. వాళ్ళిద్దరూ అటు చూడలేదు.

"ఆసుపత్రిలో కూడా కామెంటరీ పెట్టించుకునేవారు," అంది ఆమె. "మనవాళ్ళ మీద గోల్ పడినప్పుడల్లా, 'అక్కడ మావాడు ఎగిరెగిరి తిడుతుంటాడు' అని నవ్వేవారు. ఆ మావాడు ఎవరో అప్పుడు తెలీలేదు."

అతను రెయిన్‌కోటు తీసి, తన చొక్కా చేతితో సీటు తుడిచాడు. "కూర్చోండి," అన్నాడు. ఆ తర్వాత గోల్‌కీపర్‌ని ఒక్కసారీ తిట్టలేదు.

జట్టు ఓడిపోయింది. ఓడినరోజు ఆటగాళ్ళు లోపలికి వెళ్ళేదాకా ఎవరూ కదలకుండా చప్పట్లు కొట్టడం అక్కడి ఆనవాయితీ. ఆమె కూడా లేచి నిలబడింది. ఆ చప్పట్లలో ఆమె ఏడుపు ఎవరికీ వినిపించలేదు, పక్కనున్న అతనికి తప్ప.

"వచ్చే ఏడు కింది డివిజన్," అన్నాడు అతను మెల్లగా. "అక్కడా ఓడతాం. ఆ నమ్మకం నాకుంది."

"మరెందుకు రావడం?"

"మనమూ మానేస్తే, పాపం వాళ్ళు ఎవరికోసం ఆడతారండీ?"

"నాకు ఫుట్‌బాల్ రాదు."

"ఆడినవాళ్ళకి మాత్రం వచ్చా?"

ఆమె నవ్వేసింది. నవ్వినందుకు వెంటనే దిగులేసింది.

అతను ఆమె వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ ఈ సీటు ఆయనకోసం ఆపాను. ఇక మీకోసం ఆపాలనుంది. ఇవాళే అనకూడదేమో. కానీ ఆయనకి క్షమాపణ తర్వాత చెబుదామనుకుని ఆలస్యం చేశాను."

ఆమె అతని రెయిన్‌కోటు భుజాన వేసుకుని, ఆఫీసు వైపు నడిచింది. అతను వెనకే వెళ్ళాడు.

"కార్డు వాపసేనామ్మా?" ఆమె చేతిలోని కార్డు చూసి కిటికీ లోపలి గుమాస్తా అడిగాడు.

ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, కార్డు ఇచ్చేయడం లేదు. నా పేరుకి మార్పించుకుంటాను."

అవతల అమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఎన్ని గోల్స్‌తో ఓడాం?" అంది అమ్మ.