వణుకును లెక్కచేయని కీబోర్డు

పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ్ తాగి వినోద ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుంది. తెర మీద బొమ్మలన్నీ అరచేతులంత అయ్యాయి. మౌస్ బాణం బొటనవేలంత ఉంది. మళ్లీ మొదలు! కీబోర్డు సంగతీ అంతే. టకటకా టైపు చేస్తే ఒక్క అక్షరం పడదు. బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే అప్పుడు తీరిగ్గా ఒకటి వస్తుంది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ప్రెస్సుకు పెళ్లిపత్రికలు టైపు చేసిచ్చే పని ఆమెది. మొన్న ఇలాగే అక్షరాలు ఎగిరిపోయి పెళ్లికొడుకు పేరు తప్పు పడింది. ఇంకోసారి తప్పొస్తే పని నిజామాబాదుకు పంపిస్తానని ప్రెస్సు యజమాని తుకారాం ముఖం మీదే చెప్పేశాడు. ఇల్లు నడిచేది ఆ పనితోనే. పసుపు దుకాణంలో కంప్యూటర్ మీద లెక్కలు రాసే మొగుడు దయాకర్, సేటుతో గొడవపడి మానేశానంటూ దీపావళి నుంచి ఇంట్లోనే ఉన్నాడు.

వారం నుంచి రోజూ ఇదే తంతు. ఆమె సెట్టింగ్స్ సరిచేస్తుంది. తెల్లారేసరికి మళ్లీ మొదటికొస్తాయి.

“గీ కంప్యూటర్ మల్ల ముట్టినవా?” అని కేకేసింది.

దయాకర్ గుమ్మం దగ్గరికొచ్చాడు. “జర సేపే కూసున్న. మల్ల మార్చుడు యాది మర్శిన.”

“యాది మర్శినవా? ఇంకాసేపట్ల పత్రిక కోసం తుకారాం వస్తడు. నా పని పోతే ఏం తిందాం? నువ్వైతే కొట్లాడి ఇంట్ల కూసున్నవ్. నన్నుగూడ కూసోబెడ్తవా?”

“గట్ల కాదు వినోదా...”

“మరెట్ల? కావాలని కీబోర్డును ఎవలన్న గిట్ల మొద్దు చేస్తరా?”

అతను వచ్చి కుడిచేయి కీబోర్డు మీద పెట్టాడు. ఆ చేయి వణుకుతోంది. వేళ్లు ఒక బటన్ కోసం పోయి చుట్టూ ఉన్నవాటన్నిటినీ తాకాయి. అయినా తెర మీద ఏదీ పడలేదు. చివరికి అతను గట్టిగా నొక్కి పట్టుకున్న అక్షరం ఒక్కటే పడింది.

“గిట్ల పెడితేనే నా వణుకును లెక్కజెయ్యది. బొమ్మలు పెద్దగుంటేనే మౌస్ సరిగ్గ వడ్తది,” అన్నాడు తల దించుకుని. “కొట్లాట గిట్లాట ఏం లేదు. తప్పులు వడ్తున్నయని సేటే రావద్దన్నడు. మల్ల నేర్సుకొని పోదామనుకున్న. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే.”

వినోదకు అతని చేతిలో చాయ్ ఒలికినప్పుడల్లా కల్లు ఎక్కువైందని తాను దెప్పిన మాటలు గుర్తొచ్చి కళ్ల నీళ్లు ఆగలేదు.

“నాకు చెప్పకుంటే ఎవలకు చెప్తవయ్యా? మాపటికి నరాల డాక్టర్‌కు సూపిద్దాం పా,” అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఇన్నాళ్లూ ఒకరి సెట్టింగ్స్ ఒకరు చెరుపుకుంటూ వచ్చారు. ఆమె కంప్యూటర్‌లో అతని కోసం కొత్త యూజర్ ఖాతా తెరిచింది. పెద్ద బొమ్మలు, నిదానపు కీబోర్డు అందులో పెట్టింది.

“ఇది నీది. నీ సెట్టింగ్స్ నీకే ఉంటయి, నావి నాకే. పేరు నువ్వే కొట్టు.”

కుర్చీ అతనికిచ్చి పక్కన నిలబడింది. అక్షరం తర్వాత అక్షరం నిదానంగా పడుతోంది. వాకిట్లో తుకారాం బండి ఆగింది.

“జర కూసో అన్నా!” అని వినోద లోపలి నుంచే కేకేసింది. దయాకర్ పేరులో చివరి అక్షరం ఇంకా పడాలి.