గోడ మీది పసుపు రాశులు

కావేరి లోపలికి వచ్చినప్పుడు భూమేష్ టీ ఇంకా ముట్టుకోలేదు. ఏళ్ల తరబడి పసుపు వ్యాపారం చేసి, ఆ తర్వాత ఆర్మూరులోనే ప్రైవేటు డిటెక్టివ్‌గా మారిన మనిషి ఆయన. మనిషినీ సరుకులాగే చూస్తాడు: పైమెరుపు ఎంత, లోపలి బరువు ఎంత అని. సహాయకురాలు శ్యామల ఆ పిల్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"సార్, నన్ను దొంగంటున్నరు. సాయంత్రానికి కోర్సుల నుంచి పేరు తీసేస్తరట."

కావేరిది కమ్మర్‌పల్లి. విశ్వవిద్యాలయం ఆర్మూరులో పెట్టిన వర్చువల్ ప్రొడక్షన్ శిక్షణ కేంద్రంలో చదువుతోంది. అక్కడ ఒక పెద్ద ఎల్ఈడీ గోడ ఉంది. దాని మీద ఏ చోటు చూపిస్తే, ముందు నిల్చున్న మనిషి ఆ చోటే ఉన్నట్టు కెమెరాలో కనిపిస్తాడు. ఆ కెమెరాకు వాడే ఖరీదైన లెన్సు పొద్దున మాయమైంది.

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నయి బిడ్డా?"

"ఒకటి నా దగ్గర, ఇంకోటి మాకు నేర్పే గంగాధర్ సార్ దగ్గర. పొద్దుగాల నేనే తెరిచిన. లెన్సుకు మూత పెట్టే ఉండె. తాళమేసి టిఫిన్‌కు పోయొచ్చేసరికి లేదు."

"గప్పుడు గంగాధర్ యాడున్నడు?"

"మార్కెట్ యార్డుల. గప్పుడే మా హెడ్ ప్రభుదాస్ సార్‌కు వీడియో కాల్ చేసిండు. పాఠానికి పనికొస్తదని రికార్డు చేసి గ్రూపుల గూడ పెట్టిండు."

ఫోన్లో చూపించింది. గంగాధర్ తెల్లచొక్కాలో ఉన్నాడు. వెనక పసుపు రాశులు. ఒక హమాలీ బస్తా గుమ్మరిస్తే దుమ్ము లేచి అతని రెండు పక్కలా, తల మీదుగా కమ్ముకుంది. అతను నవ్వుతూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"ముక్కు గూడ మూసుకోలేదు, సార్" అంది శ్యామల.

భూమేష్ కావేరి వైపు తిరిగాడు. "గిసోంటి రాశులు మీ గోడ మీద ఎప్పుడన్న చూపించిన్రా?"

"పోయిన వారం క్లాసు కోసం మేమే యార్డుల వీడియో తీసుకొచ్చినం సార్."

"శ్యామలా, బస్తాలు గుమ్మరించే కాడ జర సేపు నిలబడి, అట్లనే సెంటర్‌కు రా."

"కొత్త చున్నీ సార్!"

"ఖరాబైతే కొనిస్త."

"రాసియ్యుండ్రి. మీరు మర్చిపోతరు."

మధ్యాహ్నం ఎల్ఈడీ గోడ ఉన్న గదిలో ప్రభుదాస్, గంగాధర్, కావేరి చేరారు. విద్యార్థులు వరండాలో ఉన్నారు.

"గంగాధర్ గారూ, పొద్దటి సంది బట్టలు మార్చిన్రా?" అడిగాడు భూమేష్.

"యార్డు నుంచి సీదా గిక్కడికే వచ్చిన. మీరు డిటెక్టివా, లాండ్రీ పెట్టిన్రా?"

భూమేష్ నవ్వలేదు. పాన్ డబ్బాలో తెచ్చిన సున్నం నీళ్లలో కలిపి, యార్డు నుంచి వచ్చిన శ్యామల చున్నీ మీద రాశాడు. రాసిన చోటల్లా ఎర్రబడింది.

"పసుపుకు సున్నం తగిలితే ఎర్రగైతది. మనిండ్లల్ల తెలువనోళ్లు లేరు." ఆయన గంగాధర్ వైపు కదిలాడు. గంగాధర్ వెనక్కి జరిగాడు.

"నిలబడు, గంగాధర్" అన్నాడు ప్రభుదాస్.

భూమేష్ అతని చొక్కా భుజాల మీద, మెడపట్టీ మీద, చేతుల మీద రాశాడు. తెలుపు తెలుపుగానే ఉంది.

"గంత దుమ్ముల నిలబడ్డ మనిషికి రవ్వంత పసుపు అంటలేదు. ఎందుకంటే గా దుమ్ము గోడ మీదిది. గా గోడ ఊర్ల గిదొక్కటే. కావేరి తాళమేసి పోంగనే మీ చెవితోని లోపలికొచ్చిన్రు. లెన్సు తీసిన్రు. దూరమున్నట్టు చూపెట్టనీకి గీ గోడ ముంగట్నే నిలబడి కాల్ చేసిన్రు. గీడ లేనని మీరు చూపించిన వీడియోనే, మీరు గీ గదిల ఉన్నరని చెప్తున్నది."

గంగాధర్ కుర్చీలో కూలబడ్డాడు. "చెప్పకుంట పెండ్లి షూటింగుకు తీస్కపోయిన. కింద పడి లోపల పగిలింది. మూత పెట్టి మల్ల తెచ్చి పెట్టిన. మూత తీస్తే తెలుస్తది, నౌకరి పోతదని మాయం చేసిన..."

"మీ నౌకరి కోసం గీ పిల్ల చదువును పణం పెట్టిన్రు" అన్నాడు భూమేష్. "గిది బేరం గాదు."

 ప్రభుదాస్ కావేరి వైపు తిరిగాడు. "కావేరీ, రేపటి సంది క్లాసుకు రామ్మా."

ఆమె కదల్లేదు. "పొద్దుగాల క్లాసంత ఉండంగ దొంగన్నరు సార్. గిప్పుడు తలుపేసి రమ్మంటున్నరు."

ప్రభుదాస్ ఆమెను చూసి, తల దించుకుని, తలుపు దగ్గరికి నడిచాడు. వరండాలో ఉన్న అందరినీ లోపలికి పిలిచాడు.

"కావేరి దొంగ గాదు" అన్నాడు. "అడగకుంట, చూడకుంట దొంగన్న. తప్పు నాది."

కావేరి భుజాన ఉన్న సంచి దించి, తన కుర్చీలో కూర్చుంది.